ఎక్కి దిగే విసురు

మా మనవడి బంతి నా మంచం కిందే ఉంటుంది. వేలూరు ఎండకు ఇల్లంతా కాగిపోయే మధ్యాహ్నం పూట నేను నడుం వాల్చానంటే చాలు, ఆ రబ్బరు వేడెక్కి చెప్పుల అంగట్లో పడుకున్నట్టు వాసన కొడుతుంది. తీసి వసారాలో పెట్టరా అంటే ఎవరో ఎత్తుకుపోతారట. నా మంచం కిందయితే భద్రమట, ఈ ముసలిదాన్ని దాటుకుని ఎవడూ రాలేడట. ఈ ఇంట్లో కాపలా కుక్కకున్న మర్యాద నాకుంది. బాస్కెట్‌బాలట, బంతిని ఎత్తున కట్టిన ఇనప చక్రంలో వేయడానికి వాడికి సొంత పద్ధతులేవో ఉన్నాయి, ఒక్కోదానికి ఒక్కో ఇంగ్లీషు పేరు పెట్టుకున్నాడు, అన్నం తింటూ కూడా వాళ్లమ్మ తిట్లు వింటూనే ఎడమచెయ్యి గాల్లో తిప్పుతుంటాడు.

మొన్న ఉండబట్టలేక, "నువ్వు ఎట్లేస్తావో చూపించురా, పడతాదో లేదో నేను చెప్తా" అన్నాను. వాడికి పప్పన్నం పొలమారేంత నవ్వొచ్చింది. "నీకేం తెలుసవ్వా?" అన్నాడు. "నేనూ ఆడినదాన్నే" అంటే ఇంకా నవ్వాడు. పళ్లూడిన ముసలిది పావడా ఎగ్గట్టి బంతి ఆడిందంటే నవ్వక ఏడుస్తాడా? నేనూ నవ్వాను. మా అన్న వేసినట్టు ఈ ఊళ్లో ఎవరూ వేసింది లేదు అని నోటిదాకా వచ్చింది గానీ మింగేశాను. అన్న మాటెత్తితే మిగతాదీ చెప్పాలి, ఆ మిగతాది అన్నం ముందు కూర్చుని చెప్పేది కాదు. అందుకని ఇక్కడ రాస్తున్నాను.

మాది గుడియాత్తం. కౌండిన్య ఏటి ఒడ్డున ఒక పొడుగాటి వీధి, అందులో ఒక పక్కంతా లుంగీలు నేసే మగ్గాల ఇళ్లు, రెండో పక్కంతా మేము, అంటే గోడలు కట్టే మేస్త్రీల ఇళ్లు. మా ముత్తాతలు చిత్తూరు వైపు నుంచి గోడలు కట్టుకుంటూ కట్టుకుంటూ ఇటు వచ్చారట, ఎక్కడ గోడ అయిపోయిందో అక్కడ ఆగిపోయారట, మా అవ్వ అలా చెప్పేది. ఇంట్లో తెలుగు, వీధిలో అరవం, తిట్టుకోవడానికి రెండూ. మావాళ్లలో ఎవరికీ తెలుగు అక్షరం రాదు, నేను పెద్దదాన్నయ్యాక పంతం పట్టి నేర్చుకున్నాను. తెల్లవారకముందే సున్నం గానుగలో ఎద్దు తిరిగే చప్పుడుతో మాకు మెలకువ వచ్చేది. సున్నంలో కరక్కాయ నానబెట్టిన నీళ్లు, బెల్లం నీళ్లు పోసి నూరుతుంటే వీధంతా తీపీ వగరూ కలిసిన వాసన, దానికి తోడు ఎదుటి పక్క రంగు తొట్లలోంచి వచ్చే ఘాటు, మా అవ్వ పొయ్యి మీద ఉడికే రాగి సంకటి ఆవిరి. వేసవిలో ముంజలు, వాటి నీళ్లు కారి పావడాలన్నీ మరకలు. ఉగాదికి చేతులు కాలుతుంటే ఊదుకుంటూ తినే ఓళిగలు. వానలు పట్టుకుంటే ఇటుక ఆరదు, పని ఉండదు, అంబలిలోకి పచ్చిమిరపకాయ కొరుక్కుని తాగుతూ మగవాళ్లందరూ అరుగుల మీద కూర్చుని ఆకాశాన్ని తిడుతుండేవాళ్లు.

మేస్త్రీల ఇళ్లలో పిల్లలకు నడక వచ్చాక నేర్పే మొదటి విద్య ఇటుక విసరడం. గోడ లేచేకొద్దీ సవుకు కట్టెలు పాతి, తాళ్లతో కట్టి, పలకలు పరిచి మంచెలాగా కడతారు. మావాళ్లు దాన్ని సారం అంటారు. మేస్త్రీ సారం మీద నిలబడి గోడ కడుతుంటే కిందనుంచి ఒక మనిషి ఇటుకలు పైకి విసరాలి. ఇందులో ఏముంది అనుకునేవాళ్లు ఒకసారి విసిరి చూడండి. ఇటుకను రెండు అరచేతుల్లో పడుకోబెట్టి, మోకాళ్ల మధ్యనుంచి ఊపి వదిలితే, అది దొర్లకుండా, మొగ్గలు వేయకుండా, పడుకున్నది పడుకున్నట్టే పైకి పోయి మేస్త్రీ చేతి దగ్గరికి చేరేసరికి దాని ఊపు అయిపోవాలి. ఆ ఒక్క క్షణం అది గాల్లో నిలబడుతుంది. మేస్త్రీ గూట్లోంచి దీపం తీసుకున్నంత నెమ్మదిగా దాన్ని తీసుకుంటాడు. ఇంకొంచెం ఎత్తు పోకూడదు, ఇంకొంచెం తక్కువా కాకూడదు. మా నాయన అసలు చూసేవాడే కాదు. కుడిచేత్తో సున్నం పరుస్తూ, ముఖం గోడవైపే పెట్టుకుని, ఎడమచెయ్యి వెనక్కి చాచేవాడు. ఇటుక వచ్చి ఆ చేతిలో ఉండేది. కిందనుంచి విసిరేది మా చిన్నాయన. విసిరేవాడు ఇటుకను చూడకూడదు, పట్టేవాడి చేతిని చూడాలి, అదే మాకు నేర్పిన సూత్రం. ఇంటి వెనక పెరటి గోడ మీద నాయన కూర్చుని చెయ్యి చాస్తే, అన్నా నేనూ కిందనుంచి పచ్చి ఇటుక ముక్కలు విసిరేవాళ్లం. నాది ఎప్పుడూ మోచేతికి తగిలేది. అన్నది ఎప్పుడూ అరచేతిలోకే పోయేది. "వీడు నా చెయ్యి ఎరిగినోడు" అని నాయన మురిసిపోయేవాడు.

అన్న పేరు మునిరత్నం. నాకంటే మూడేళ్లు పెద్ద. పొడుగ్గా, సన్నగా, మాట తక్కువ, కాళ్లు మాత్రం ఒకచోట నిలవని మనిషి. నన్ను పాపా అనేవాడు, ఇంట్లో అందరూ అదే పిలుపు.

దొరల పెద్ద యుద్ధం ముగిసిన కొన్నాళ్లకు వేలూరులో ఒక పెద్ద ఆస్పత్రి కట్టడం మొదలైంది. నాయనకు అక్కడ ఏళ్ల తరబడి పని దొరికింది. ఇల్లు ఎత్తి అందరం వేలూరు వచ్చాం. నీళ్లు లేని ఏరు, రాజు లేని కోట, దేవుడు లేని గుడి అని ఆ ఊరి మీద ఒక ఎగతాళి ఉంది. మాకు మాత్రం అక్కడ ముళ్ల వంకాయ దొరికింది, బడి దొరికింది. కట్టడం చూడటానికి వచ్చే దొరసానమ్మ ఒకామె మా ఇద్దర్నీ చూసి, ఇటుకలు మోసే వయసు కాదు వీళ్లది, బడికి పంపండి అని నాయనతో గట్టిగా చెప్పింది. మిషన్ బడిలో మగపిల్లల పక్కా ఆడపిల్లల పక్కా మధ్య ఒక గోడ ఉండేది. ఆ గోడ కట్టింది మా నాయనే కాబట్టి దాన్ని ఎక్కడ ఎక్కితే అవతలి ఆట కనబడుతుందో నాకు తెలుసు.

ఆట అంటే ఈ బంతాటే. అప్పట్లో అది కొత్త. పాతిన రెండు గుంజలకు రెండు ఇనప చక్రాలు, వాటికి వేలాడే తాటినార వల, తోలు బంతికి నోటి దగ్గర బూటుకు ఉన్నట్టు తాడు. ఆ తాడున్న పక్క నేలకు తగిలితే బంతి ఎటు ఎగురుతుందో దేవుడికే ఎరుక. డ్రిల్ మాస్టరు అరవాయన, బట్టతల, మోకాళ్ల దాకా ఖాకీ నిక్కరు, నోట్లో ఎప్పుడూ ఈల. మొదటిరోజు అన్న చేతికి బంతి ఇస్తే, అన్నకు వచ్చిన విద్య ఒక్కటే కదా, ఒంగి, మోకాళ్ల మధ్యనుంచి ఊపి, ఇటుకను విసిరినట్టు విసిరాడు. బంతి తిన్నగా పైకి పోయి, చక్రం అంచు దాకా వెళ్లి, అక్కడ ఊపు అయిపోయి, చక్రం కిందనుంచి దానికి తల ఆనించి, మళ్లీ కిందికి వచ్చేసింది. ఎన్నిసార్లు వేసినా అంతే. చక్రం ఎంత ఎత్తుందో సరిగ్గా అంత ఎత్తే పోతుంది, ఒక్క వేలి మందం ఎక్కువ పోదు. పిల్లలంతా పడిపడి నవ్వారు. మాస్టరు మాత్రం నవ్వలేదు, అన్న వెనక నిలబడి, "ఇన్నుం మేలే, ఇన్నుం మేలే" అన్నాడు. ఇంకా పైకి, ఇంకా పైకి అని. అక్కడ పట్టుకునేవాడు ఎవరూ లేరు, బంతే ఎక్కి బంతే దిగాలి, చక్రాన్ని దాటిపోయి పైనుంచి లోపల పడాలి అని నేర్పాడు. ఇంకో మాట కూడా చెప్పేవాడు, వదిలేశాక చేతులు దించొద్దు, బంతి వలలో పడేదాకా అట్లాగే పైకి పెట్టి ఉంచు అని.

ఆ ఏడంతా అన్న అదే పని. పొద్దున బడి మొదలు కాకముందు, సాయంత్రం బడి విడిచాక, సంజె మసకలో చక్రం కనబడకుండా పోయేదాకా. ఎండాకాలం నేల కాలుతుంటే తడిగుడ్డ కాళ్లకు చుట్టుకుని వేసేవాడు. గోడ మీద నేను వేరుశనక్కాయలు ఒలుచుకుంటూ కూర్చునేదాన్ని. అన్న విసురు మారిపోతుంటే నా కళ్లముందే చూశాను. మిగతా పిల్లలు రొమ్ము మీదనుంచి రెండు చేతులతో నెట్టేవాళ్లు. అన్న చక్రానికి వీపు పెట్టి నిలబడేవాడు, బంతి అందగానే ఒక కాలు పాతేసి గిర్రున తిరిగి, తిరుగుతూ తిరుగుతూనే మోకాలు దాదాపు నేలకు ఆనేంత కిందికి దిగి, ఆ లోతు నుంచి లేస్తూ బంతిని వదిలేవాడు. అడ్డం వచ్చినవాడు ఎప్పుడూ అన్న తల మీద చేతులూపుతుండేవాడు, బంతి వాడి మోకాళ్ల దగ్గర బయల్దేరి వాడి ముఖం ముందునుంచే వెళ్లిపోయేది. అది చక్రం కంటే నిలువెత్తు పైకి పోయి, అక్కడ ఒక్క క్షణం ఆలోచించి, నిదానంగా దిగి వలలో పడేది. ఆ విసురుకు మాస్టరు కొత్తనార్ ఏటు అని పేరు పెట్టాడు. కొత్తనార్ అంటే అరవంలో తాపీ మేస్త్రీ. మొదట్లో అది వెక్కిరింపు, తర్వాత తర్వాత చిత్తూరు బడి పిల్లలు, తిరుపత్తూరు బడి పిల్లలు కూడా ఆ పేరు చెప్పుకుని భయపడ్డారు.

సెలవులకు గుడియాత్తం పోతే అక్కడా ఆటే. మగ్గాల ఇళ్లలో పారేసే చిక్కుపడ్డ నూలును ఉండగా చుట్టి, పైన పాత లుంగీ గుడ్డ కుట్టి బంతి చేసుకునేవాళ్లం. అడుగూడిన సున్నం గంపను పెరటి గోడకు మేకులతో కొట్టేవాళ్లం. ఆ నూలు బంతి నేలకు కొడితే చచ్చిన కప్పలా అక్కడే పడుకునేది, ఎగరదు. అందుకని మా ఆటలో పరుగులు లేవు, నిలబడ్డచోట తిరగడమూ, ఏమార్చడమూ, విసరడమూ అంతే. ఎవరి విసురు వాళ్లది. పొట్ట గోవిందుడు గంపకు వీపు తిప్పి, పిరుదులతో అందర్నీ నెట్టుకుంటూ నెట్టుకుంటూ గోడదాకా వచ్చి, తల మీదనుంచి వెనక్కి వేసేవాడు. వాడిని ఆపాలంటే ఎద్దుబండి అడ్డం పెట్టాలి. మగ్గాల ఇంటి ఎల్లమ్మ మగ్గంలో నాడె విసిరినట్టు పక్కనుంచి ఒంటిచేత్తో వేసేది, పడితే పడేది, లేకపోతే అవతలి పెరట్లో వెతుక్కోవాలి. నాది అన్నిటికంటే నీచమైన విసురు. బంతి నా చేతికి రాగానే ఎడమపక్కకు ఉలిక్కిపడి చూసి, "అవ్వ పిలస్తా ఉండాది" అనేదాన్ని. ఎదుటివాళ్లు అటు తిరిగేవాళ్లు, నేను వేసేసేదాన్ని. వారం రోజులకు ఆ మాట ఎవరూ నమ్మడం మానేశారు. ఆ తర్వాత ఒకరోజు అవ్వ నిజంగానే పిలిచినా ఎవరూ తిరగలేదు, నేను కూడా. దానికి తిన్న చీపురు దెబ్బలు వేరే కథ.

అన్న బడి చివరి తరగతిలో ఉండగా మాస్టరు మా ఇంటికి వచ్చాడు. నాయన అప్పుడే పని నుంచి వచ్చి, మోకాళ్ల దాకా సున్నంతో తెల్లగా ఉన్నాడు, కూర్చోమనడానికి కూడా తడబడ్డాడు. మద్రాసులో డ్రిల్ మాస్టర్లను తయారుచేసే చోటు ఒకటి ఉంది, ఒక ఏడు అక్కడ నేర్చుకుంటే మునిరత్నాన్ని ఏ బడైనా పిలిచి ఉద్యోగం ఇస్తుంది, సెలవులు అయ్యాక నేనే తీసుకుపోతాను అని మాస్టరు చెప్పాడు. మా వంశంలో సున్నం అంటని చేతులు అంతవరకూ లేవు. మర్నాడు ఆట ఉంటే నాయన పని మానుకుని చూడటానికి వచ్చాడు, ఆయన పని మానుకోవడం అదే మొదలు. అన్న తిరిగి, దిగి, లేచి వేసిన ప్రతిసారీ నాయన తల కూడా పైకి పోయి కిందికి దిగేది. ఇంటికి నడిచి వస్తూ అడిగాడు.

"ఆడ పైన పట్టుకునేటోడు ఎవురూ లేరే. ఎవుర్ని చూసి ఏస్తావురా?"

"ఎవుర్నీ చూడను నాయనా. అది దాటిపోయినాక అదే దిగుతాది."

"అట్లనా" అన్నాడు నాయన. కొంతదూరం నడిచాక నా నెత్తి మీద చెయ్యి వేసి, "మీ అన్న ఇంక సారం ఎక్కే పని లేదు పాపా" అన్నాడు. ఆ గొంతులో ఉన్న సంతోషం నాకు ఇప్పటికీ వినబడుతుంది, వినబడకుండా ఉంటే బాగుండుననిపిస్తుంది.

ఆ సెలవుల్లో గుడియాత్తంలో ఒక బట్టల వ్యాపారి మిద్దె మీద మిద్దె కట్టిస్తుంటే నాయన ఒప్పుకున్నాడు. అది గంగమ్మ జాతర నెల. ఊరంతా వేపాకు, పసుపు నీళ్లు, అంబలి కుండలు. అమ్మవారి శిరసు ఊరేగించే రోజున ఎవరూ పనిలోకి పోరు, నాయన కూడా పోయేవాడు కాదు గానీ, ముందురోజు నూరి పెట్టిన సున్నం ఆ ఎండకు రాయి అయిపోతుందని, పొద్దున పూట ఒక వరస ముగించి వచ్చేస్తానన్నాడు. చిన్నాయనకు మొక్కు ఉంది, వేపాకుల చీర కట్టుకుని గుడికి పోయాడు. ఇటుకలు విసరడానికి మనిషి లేడు.

"నేనొస్తా నాయనా" అన్నాడు అన్న.

అమ్మ వద్దంది. మద్రాసు పోయే బిడ్డ, చేతులు చెడగొట్టుకుంటాడని. "ఈ ఒక్క పూటే గదా" అన్నాడు నాయన. అన్నకు అసలు హుషారు. చాలాకాలమైంది నాయనా తనూ కలిసి పని చేసి.

సంకటి ముద్దలు తీసుకుని అమ్మా నేనూ పోయేసరికి పని బాగా సాగుతోంది. ఇటుకలు నానబెట్టిన తొట్టి పక్కన అన్న నిలబడి ఉన్నాడు, నాయన పైన గోడవైపు తిరిగి ఉన్నాడు, ఎడమచెయ్యి వెనక్కి చాచి ఉంది. ఇటుక పోతోంది, చేతిలో ఉంటోంది. పోతోంది, ఉంటోంది. ఏటి వైపు నుంచి జాతర డప్పులు, పంబ, ఉడుకల మోత గాలికి తేలి వస్తోంది, అన్న ఒళ్లు ఆ దరువుకు ఊగుతోంది. నాకు నవ్వొచ్చింది, పనిలో కూడా వీడికి ఆటే అనుకున్నాను. అట్లా అనుకుంటుండగానే చూశాను. అన్న ఇటుక అందుకోవడానికి పక్కకు తిరిగి, అక్కడినుంచి ఒక కాలు పాతేసి గిర్రున తిరిగాడు, మోకాలు నేలదాకా దిగింది. ఆ లోతు నుంచి లేచి వదిలాడు.

ఇటుక నాయన చేతిని దాటిపోయింది. నాయన వేళ్లు మూసుకుంటే వాటిలో ఏమీ లేదు. ఆయన జన్మలో ఎన్నడూ అలా జరగలేదు. ఏమైందా అని తల ఎత్తి వెనక్కి చూశాడు, కళ్లలో ఎండ పడింది. పైకి పోయిన ఇటుక దిగి వచ్చి ఆయన భుజం మీద పడింది. ఒక్క అడుగు పక్కకు వేశాడు, అక్కడ పలక లేదు.

అన్న కిందే నిలబడి ఉన్నాడు. చేతులు రెండూ ఇంకా పైకే ఉన్నాయి. మాస్టరు నేర్పినట్టు, దిగి పడేదాకా దించకుండా.

నాయన కింద పేర్చి ఉన్న ఇటుకల మీద పడ్డాడు. తలుపు రెక్క మీద పడుకోబెట్టి రైల్లో కాట్పాడి దాకా, అక్కడినుంచి బండి మీద వేలూరు ఆస్పత్రికి తీసుకుపోయారు. ఆయన కట్టిన గోడల మధ్యనే ఆయన్ను పడుకోబెట్టారు. నడుం విరిగింది, కాళ్లు ఇంక రావు అని చెప్పి కొన్నాళ్లకు గుడియాత్తం ఇంటికి పంపేశారు. ఆ తర్వాత ఆయన మంచం దిగలేదు. ఒక్కనాడు కూడా అన్నను తిట్టలేదు, ఎవరినీ తిట్టనివ్వలేదు. ఒకసారి మాత్రం, అన్న నీళ్లు తాగిస్తుంటే, నిజంగానే తెలుసుకోవాలని అడిగినట్టు మెల్లగా అడిగాడు.

"నా చెయ్యి యాడుంటాదో నీకు తెలుసు గదా నాయనా?"

అన్న చెంబు కింద పెట్టి బయటికి పోయాడు. ఆ రాత్రి నుంచి అన్న నోట మాటలే తగ్గిపోయాయి.

సెలవులు అయిపోగానే మాస్టరు గుడియాత్తం వచ్చాడు. ఆయన ముఖం చూస్తే నాకు కోపం రావాలి గానీ రాలేదు, పాపం ఆయన మా గుమ్మంలోకి రావడానికే భయపడుతున్నాడు. మద్రాసులో చోటు ఉంది, ఈ ఏడు కాకపోతే వచ్చే ఏడు రావచ్చు అన్నాడు. అన్న సున్నం గానుగ వెనక కూర్చుని బయటికి రాలేదు. మాస్టరు చీకటిపడేదాకా ఉండి ఆఖరి రైలుకు పోయాడు. నాయన మంచం మీదనుంచే, "పోరా, నా మాట విని పో. నువ్వు పోతే నేను పడినందుకు ఫలమన్నా ఉంటాది" అని ఏడ్చాడు. అమ్మ కాళ్లు పట్టుకున్నంత పని చేసింది. అన్న పోలేదు. మర్నాడు పొద్దున్నే కూలి పనికి పోయాడు.

పనిలో అన్న ఇటుకలు విసరలేదు. నెత్తిన చుట్టకుదురు పెట్టుకుని, ఇటుకలు పేర్చుకుని, నిచ్చెన ఎక్కి, మేస్త్రీ పక్కన ఒక్కొక్కటే దించి పెట్టేవాడు. మేస్త్రీల వీధిలో పుట్టినవాడు ఇటుక విసరనంటే ఎవడు ఊరుకుంటాడు? ఆడంగి పని అని నవ్వారు, పని ఆలస్యమని పంపేశారు, మళ్లీ పిలిచారు. అన్న మెట్లు ఎక్కుతూనే ఉన్నాడు. ఇంట్లో కూడా అంతే. తాళంచెవి ఇటు వెయ్యన్నా అంటే లేచి వచ్చి అరచేతిలో పెట్టేవాడు. తన బిడ్డలు పుట్టాక వాళ్లను ఎగరేసి పట్టుకుని ఆడించడం ఎవరూ చూడలేదు. చంకనెత్తుకుంటే రెండు చేతులూ బిగించి పట్టుకునేవాడు, బిడ్డలు నొప్పికి ఏడిచేవాళ్లు.

నాయన రెండు వానాకాలాలు చూసి, మూడోది చూడకుండా పోయాడు. మాలో పూడ్చిపెడతారు. గుంటలోకి దించాక కొడుకు ముందుగా మూడు పిడికిళ్ల మన్ను వెయ్యాలి, ఆ తర్వాతే మిగతావాళ్లు. ఆడవాళ్లం పోము కాబట్టి నేను చూడలేదు, చిన్నాయన వచ్చి చెప్పాడు. అన్న చేతిలోకి మన్ను తీసుకుని గుంట అంచున నిలబడిపోయాడట. వెయ్యి నాయనా, వెయ్యి అని అందరూ చెప్పారట. అన్న గుంటలోకి దిగాడట. దిగి, నాయన పక్కన మోకాళ్ల మీద కూర్చుని, ఆ మన్నును ఆయన గుండెల మీద తన చేత్తోనే పెట్టాడట. మళ్లీ పైకెక్కి ఇంకో పిడికిలి తీసుకుని దిగాడట. మూడుసార్లూ అట్లాగే. చివరికి చిన్నాయనే చెయ్యి అందించి పైకి లాగాల్సి వచ్చిందట.

నేను చదివాను, టీచరమ్మనయ్యాను, వేలూరులో ఆడపిల్లలకు ముప్పైయేళ్లు పాఠం చెప్పాను. ఆటల పీరియడ్ మాత్రం ఒక్కనాడూ తీసుకోలేదు. ఇప్పుడు గుడియాత్తం పోతే మా వీధి నేనే గుర్తుపట్టలేను. గానుగ లేదు, ఎద్దు లేదు, సిమెంటు సంచులు వచ్చాయి. మగ్గాల పక్క సగం అగ్గిపెట్టెల కార్ఖానా అయిపోయింది. మేస్త్రీల పిల్లలు పొద్దున్నే టిఫిను డబ్బాలు పట్టుకుని కార్ఖానాలకు పోతున్నారు. వాళ్లతో తెలుగులో మాట్లాడితే అరవంలో జవాబిస్తారు. ఇటుక గాల్లో నిలబడుతుందని, దాన్ని చూడకుండా అందుకునే మనిషి ఒకడుండేవాడని చెబితే ముసలమ్మకు మతి పోయిందనుకుంటారు. దేవుడు ఇచ్చే చేత్తోనే తీసుకుంటాడని పెద్దలు అంటారు. మాకు ఇచ్చిందీ తీసుకుందీ ఆ ఒక్క విసురే అయింది. అందులో ఎవర్ని తిట్టుకోవాలో నాకు ఈనాటికీ తెలియదు.

అన్నా అది నీ తప్పు కాదు అని నేను పెళ్లయిన కొత్తలో చెప్పాను, బిడ్డలు పుట్టాక చెప్పాను, ఆయన తల నెరిశాక చెప్పాను. నువ్వు కావాలని వేశావా, నీ చేతులకు బడిలో నేర్పిందే అవి చేశాయి అని చెప్పాను. ప్రతిసారీ "సరి పాపా" అనేవాడు. ఒక్కసారి కూడా నమ్మలేదు. పోయినేడు ఆస్పత్రిలో ఆఖరి రోజుల్లో, ఇప్పుడైనా వింటాడేమోనని, మంచం పక్కన కూర్చుని మళ్లీ చెప్పాను. ఈసారి సరి అని కూడా అనలేదు. నా ముఖం చూస్తూ, రెండు చేతులూ మెల్లగా దుప్పటి కిందికి లాక్కున్నాడు.